ఆకు మీద కొత్త వేటనల్లి: ఒక జాతికి పేరు ఎలా వస్తుంది?

"కొత్త జాతి నల్లిని కనుగొన్న శాస్త్రవేత్తలు" అని వార్త వస్తుంది. ఎవరో అడవిలో ఒక ఆకు తిప్పి చూసి, ఇదివరకు ఎవరూ చూడని ప్రాణిని అక్కడికక్కడే గుర్తుపట్టారని చదివేవారికి అనిపిస్తుంది. ఆకు కోసిన రోజున అది కొత్తదని దాదాపు ఎవరికీ తెలియదు. అరమిల్లీమీటరు కూడా లేని ఆ ప్రాణిని గాజు పలక మీద పరచి, ఒంటి మీది వెంట్రుకలు ఒక్కొక్కటీ కొలిచి, ఇప్పటికే పేరున్న వందల నల్లులతో పోల్చి చూశాకే ఆ మాట అనగలిగేది. అప్పుడు కూడా అది తుది తీర్పు కాదు. "ఇది ఇంతకుముందు పేరు పెట్టిన ఏ జాతీ కాదు" అనే ఒక వాదన మాత్రమే. ఆ వాదన ఎలా తయారవుతుందో, ఎక్కడ బలంగా నిలుస్తుందో, ఎక్కడ బీటలు వారుతుందో చూద్దాం.

## నల్లి అంటే ఏ నల్లి?

తెలుగులో ఈ మాటతోనే చిక్కు మొదలవుతుంది. మంచంలో చేరి రక్తం పీల్చేదీ నల్లే, ఆకు అడుగున చేరి రసం పీల్చే ఎర్రనల్లీ నల్లే. మొదటిది ఆరు కాళ్ల కీటకం. రెండోదానికి ఎనిమిది కాళ్లు. అది సాలీళ్లకూ తేళ్లకూ బంధువు. ఈ వ్యాసంలో నల్లి అంటే రెండో రకమే.

మొక్కల మీద బతికే నల్లులన్నీ మొక్కలకు శత్రువులు కావు. వాటిని వేటాడే నల్లులూ అదే ఆకు మీద ఉంటాయి. వీటిలో పేరుమోసినది ఫైటోసీయిడే కుటుంబం. ఎదిగిన ఆడ నల్లి వీపు మీది కవచం పొడవు సాధారణంగా 300 నుంచి 400 మైక్రాన్లు. వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు. చేతి లెన్సు కింద ఇది మెరుస్తూ, పాలమీగడ రంగులోనో లేత గోధుమ రంగులోనో, నీటిబొట్టు ఆకారంలో కనిపిస్తుంది. ముట్టుకుంటే చటుక్కున పరుగెడుతుంది. దీని గుడ్లు కోలగా ఉంటాయి. దీనికి ఆహారమయ్యే ఎర్రనల్లి గుడ్లు గుండ్రంగా ఉంటాయి. ఆకు అడుగున, ఈనెలు చీలే మూలల్లో, అక్కడి నూగులో ఇవి దాగి ఉంటాయి.

వేటనల్లి అన్నంత మాత్రాన వేట ఒక్కటే దీని జీవనం అనుకోకూడదు. ఫైటోసీయులస్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) నల్లులు గూడు అల్లే ఎర్రనల్లుల మీదే ఆధారపడతాయి. యూసీయస్ ప్రజాతివి పుప్పొడి తిని చక్కగా పిల్లల్ని పెంచుతాయి. అందుకే "ఫలానా చెట్టు మీద దొరికింది" అనే సమాచారం ఆ నల్లి ఏం తింటుందో చెప్పదు. చెట్టు దానికి చిరునామా మాత్రమే.

## కనుగొనడం వేరు, వర్ణించడం వేరు

ఒక జంతువుకు శాస్త్రీయ నామం చెల్లుబాటు కావాలంటే అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి పెట్టిన షరతులు తీరాలి. ఈ నియమావళికి కాలం 1758 జనవరి 1న మొదలవుతుంది. అంతకుముందు వాడిన పేర్లు లెక్కలోకి రావు. 1930 తర్వాత ప్రచురించిన పేరుకు, ఆ జాతిని ఇతర జాతుల నుంచి వేరుచేసే లక్షణాలు మాటల్లో చెప్పి ఉండాలి. 1999 తర్వాత మరికొన్ని చేరాయి. ఇది కొత్త జాతి అని స్పష్టంగా ప్రకటించాలి. ఒక నమూనాను హోలోటైప్‌గా ఎంచుకోవాలి. అది ఏ సంస్థ సేకరణలో భద్రంగా ఉందో, లేదా ఉండబోతుందో రాయాలి. 2012 నుంచి ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికలకూ తలుపు తెరుచుకుంది. అయితే ఆ వ్యాసాన్ని ముందుగా జూబ్యాంక్ అనే రిజిస్టరులో నమోదు చేసి, ఆ విషయం వ్యాసంలోనే కనిపించేలా రాయాలి.

హోలోటైప్ అంటే ఆ పేరుకు లంగరు. రేపు ఆ వర్ణనలో రెండు జాతులు కలిసిపోయాయని తేలితే, హోలోటైప్ ఏ జాతిదో ఆ జాతికే పేరు మిగులుతుంది. వర్ణనకు ఆధారమైన మిగతా నమూనాలు పారాటైపులు. హోలోటైప్ ఆ జాతికి "సగటు" ప్రతినిధి కానక్కరలేదు, అందంగా ఉండనక్కరలేదు. అవసరమైన భాగాలన్నీ కనబడితే చాలు. ఈ కుటుంబంలో దాదాపు ఎప్పుడూ ఎదిగిన ఆడ నల్లినే ఎంచుకుంటారు. గుర్తింపు పద్ధతి అంతా ఆడవాటి మీదే నిర్మించి ఉండడమే కారణం.

ఇక ఆకు కోసిన రోజుకూ పేరు అచ్చయిన రోజుకూ మధ్య దూరం. అన్ని రకాల జీవులనూ కలిపి చూసిన ఒక అధ్యయనం 2012లో ఈ దూరాన్ని లెక్కగట్టి, సగటున 21 ఏళ్లని తేల్చింది. ఈ కాలమంతా నమూనా పోల్చి చూడగలిగేవారి కోసం ఎదురుచూస్తూ సొరుగులోనే ఉంటుంది.

## వెంట్రుకల అక్షరమాల

నల్లిని రంగుతో గుర్తించలేం. తిన్నదాన్ని బట్టి రంగు మారుతుంది, స్లైడు మీద అది కూడా పోతుంది. మిగిలేవి కవచాలు, వాటి మీద బిరుసు వెంట్రుకలు. వీటినే శూకాలు అంటారు. ఫైటోసీయిడే నల్లుల వీపు మీద ఏ శూకం ఎక్కడ ఉండాలో దాదాపు స్థిరంగా ఉంటుంది. కాబట్టి ప్రతి శూకానికీ ఒక పేరు పెట్టగలిగారు. నల్లుల నిపుణులు లిండ్‌క్విస్ట్, ఇవాన్స్ 1965లో ప్రతిపాదించిన విధానాన్ని 1978లో ఈ కుటుంబపు వీపు శూకాలకు అన్వయించారు. నేడు ఎక్కువమంది వాడేది అదే.

అర్థమైతే ఇది చాలా సులువైన పటం. వీపు నడిమి గీతకు ఇటూ అటూ నాలుగు నిలువు వరుసలు ఉంటాయి. మధ్య నుంచి అంచుకు వెళ్తే జె, జెడ్, ఎస్, ఆర్. ముందు సగంలోని శూకాలకు ఇంగ్లిషు చిన్న అక్షరం, వెనుక సగంలోని వాటికి పెద్ద అక్షరం రాస్తారు. పక్కన అంకె ఆ శూకం వరుసలో ఎన్నోదో చెబుతుంది. "చిన్న ఎస్-4" అంటే ముందు సగంలో మూడో వరుసలోని నాలుగో స్థానం. "పెద్ద జెడ్-5" అంటే వెనుక కొసన పొడవుగా వేలాడే జతలో ఒకటి. కొన్ని స్థానాలు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీయే చాలాసార్లు అసలు సమాచారం.

ఉదాహరణకు ఈ కుటుంబంలోని మూడు ఉపకుటుంబాలను వేరుచేసేది ఇలాంటి ఖాళీలే. చిన్న జెడ్-3, చిన్న ఎస్-6 రెండూ లేకపోతే ఆంబ్లిసీయినే. వాటిలో ఒకటైనా ఉంటే మిగతా రెండింటిలో ఒకటి. అప్పుడు వెనుక సగంలో పెద్ద జెడ్-1, పెద్ద ఎస్-2, 4, 5 చూడాలి. నాలుగూ లేకపోతే ఫైటోసీయినే, ఒక్కటైనా ఉంటే టిఫ్లోడ్రోమినే.

శూకాలతో పాటు చూసేవి మరికొన్ని ఉన్నాయి. పొట్ట కింది కవచం ఆకారం, దాని మీద మలద్వారానికి ముందున్న శూకాల జతలు, రంధ్రాల మధ్య దూరం. శ్వాసరంధ్రం నుంచి ముందుకు సాగే సన్నని గాడి, అంటే పెరిట్రీమ్, ఏ శూకం దాకా వస్తుంది. కెలిసెరా అనే పట్టుకారు లాంటి నోటిభాగపు రెండు వేళ్ల మీద పళ్లెన్ని. నాలుగో జత కాళ్ల మీద మిగతావాటికంటే పొడవుగా నిలిచే శూకాల సంఖ్య, వాటి కొస మొనదేలిందా, ఉబ్బిందా. అన్నిటికన్నా విలువైనది ఆడ నల్లి పొట్టలో వీర్యం నిలవచేసే చిన్న సంచి, శుక్రగ్రాహిక. సంచికి మెడలా ఉండే భాగం గిన్నెలాగో, గంటలాగో, గొట్టంలాగో ఉంటుంది. సన్నిహిత జాతులను విడదీయడంలో చాలాసార్లు చివరి మాట దీనిదే.

## స్లైడు చెడితే జాతి చెడుతుంది

ఈ అంశాన్ని వార్తలు ఎప్పుడూ తాకవు. అయినా తప్పుడు వర్ణనల్లో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది.

నల్లిని సన్నని కుంచెతో తీసి 70 శాతం ఇథనాల్‌లో వేస్తారు. డీఎన్ఏ కూడా కావాలంటే 95 శాతానికి తగ్గని ఇథనాల్, ఫ్రీజరు అవసరం. తర్వాత లాక్టిక్ ఆమ్లంలో ఉంచితే లోపలి మెత్తని పదార్థం కరిగి ఒళ్లు పారదర్శకమవుతుంది. తక్కువసేపు ఉంచితే తిన్న ఆహారం మచ్చలా మిగిలి శుక్రగ్రాహికను కప్పేస్తుంది. మరీ ఎక్కువసేపు ఉంచితే పలుచని కవచపు అంచులు కనబడకుండా పోతాయి.

ఆపై హోయర్ ద్రావణంలో పొదుగుతారు. 50 మిల్లీలీటర్ల స్వేదనజలం, 30 గ్రాముల తుమ్మజిగురు, 200 గ్రాముల క్లోరల్ హైడ్రేట్, 20 మిల్లీలీటర్ల గ్లిజరిన్ ఈ క్రమంలోనే కలిపి వడగడతారు. వేడి చేయరు. క్లోరల్ హైడ్రేట్ మత్తుమందు కాబట్టి చాలాచోట్ల దాన్ని కొనడానికి అనుమతి కావాలి. నల్లిని వీపు పైకి ఉండేలా, కాళ్లు విచ్చుకునేలా అమర్చి కవరుగాజు వేస్తారు. 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ వేడిలో వారం, పది రోజులు ఆరనిచ్చి, గాజు అంచు చుట్టూ వార్నిషు పూస్తారు. పూత వేయకపోతే ద్రావణం గాలిలోని తేమ పీల్చుకుని కారుతుంది. పొడి వాతావరణంలోనైతే ఎండి బుడగలూ స్ఫటికాలూ కడుతుంది.

ద్రావణం చుక్క చిన్నదైతే కవరుగాజు నల్లిని నొక్కుతుంది. నొక్కుకుపోయిన కవచం వెడల్పు పెరుగుతుంది, గంటలాంటి మెడ గిన్నెలా కనిపిస్తుంది. చుక్క పెద్దదైతే శూకాలు పైకి లేచి నిలబడతాయి. ఏటవాలుగా లేచిన శూకాన్ని పై నుంచి కొలిస్తే అసలు పొడవుకంటే తక్కువ వస్తుంది. అంటే ఒకే జాతి నల్లులు రెండు, ఒకటి నొక్కుకుపోయినది, మరొకటి లేచి నిలిచినది, కాగితం మీద రెండు జాతుల్లా కనబడగలవు. అందుకే చేయి తిరిగినవారు ఒకే నల్లి మీద ఆధారపడరు, దొరికితే పదింటి వరకూ కొలుస్తారు. కొలతల్లో సగటుతో పాటు కనిష్ఠ, గరిష్ఠాలు కూడా ఇస్తారు.

## ఒక ఊహా ఉదాహరణ

ఒకే చెట్టు నుంచి ఎనిమిది ఆడ నల్లులు వచ్చాయనుకుందాం. చిన్న జెడ్-3, చిన్న ఎస్-6 లేవు. కాబట్టి ఆంబ్లిసీయినే. ఇక ప్రజాతి తేల్చాలి. చాంట్, మెక్‌మర్ట్రీ 2007లో ప్రచురించిన గుర్తింపు పట్టికలో ఒక ముఖ్యమైన మలుపు చిన్న ఎస్-4 పొడవుకూ పెద్ద జెడ్-1 పొడవుకూ ఉన్న నిష్పత్తి. మూడు రెట్లకు మించితే ఆంబ్లిసీయస్ వైపు, లోపైతే నియోసీయులస్ వైపు దారి తీస్తుంది.

మన నల్లిలో మొదటిది 95, రెండోది 10 మైక్రాన్లు. తొమ్మిది రెట్లకు పైమాటే, సందేహం లేదు. ఇదే 30, 10 అయి ఉంటే? మైక్రోస్కోపు కింద చిన్న శూకాన్ని ఒక మైక్రాను అటూ ఇటూ పొరబడటం మామూలే. 30ని 11తో భాగిస్తే 2.7, 31ని 9తో భాగిస్తే 3.4. ఒక్క మైక్రాను తేడాతో ప్రజాతే మారిపోతుంది. అంకెలతో నడిచే పట్టిక కచ్చితంగా కనిపిస్తుంది కానీ, హద్దు దగ్గర అది కొలిచే చేతి మీదే ఆధారపడుతుంది. అలాంటి చోట మిగతా లక్షణాలన్నీ ఏ వైపు మొగ్గుతున్నాయో చూడాల్సిందే.

ఆంబ్లిసీయస్ అని తేలాక, ఆ ప్రజాతిలో అన్నిటికన్నా దగ్గరగా కనిపించే పాత జాతిని ముందు పెట్టుకుంటారు. దాని చిన్న ఎస్-4 పొడవు 88 నుంచి 96, మనది 94 నుంచి 103 అనుకుందాం. సగటులు వేరు. కానీ 94 నుంచి 96 వరకు రెండూ ఒకదానిపై ఒకటి పడుతున్నాయి. పాత జాతిని నలుగురైదుగురు కొలిస్తే ఆ అతివ్యాప్తి ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఇది జాతిభేదానికి ఆధారం కాదు. శుక్రగ్రాహిక మెడ పాతదానిలో గిన్నెలా, మన ఎనిమిదింటిలోనూ రెండు వైపులా పొడవైన గొట్టంలా ఉంటే అది ఆధారం. పాతదానిలో నాలుగో కాలి శూకం కొస మొనదేలి ఉండి, మనదానిలో ఉబ్బి ఉంటే ఆధారం మరింత బలపడుతుంది. ఒక శూకం ఒకే నల్లిలో, ఒకే వైపున లేకపోతే అది కొత్త జాతి లక్షణం కాదు, ఆ నల్లి పుట్టుకలోని లోపం.

నిజ జీవితంలోనూ ఇలాంటి జంట ఒకటి ఉంది. ఆంబ్లిసీయస్ లార్గోయెన్సిస్, ఆంబ్లిసీయస్ హెర్బికోలస్ వీపు వైపు నుంచి చూస్తే చాలా దగ్గరగా కనిపిస్తాయి. రెండింటికీ కొరడాల్లాంటి పొడవాటి శూకాలు ఉంటాయి. మొదటిదానిలో శుక్రగ్రాహిక మెడ సన్నని పొడవాటి గొట్టం, రెండోదానిలో పొట్టిగా, పైకి విచ్చుకుని ఉంటుంది. స్లైడులో ఆ ఒక్క భాగం మసకబారితే పేరు చెప్పడం చాలా కష్టం.

## "పాతది కాదు" అని చెప్పడమే కష్టం

ఉన్నదాన్ని గీసి కొలవడం ఓపికతో అయ్యే పని. అసలు బరువంతా ఈ రెండో సగంలో ఉంది. ఫైటోసీయిడే జాతుల జాబితా 2014 నాటికి పెట్టిన పేర్లు సుమారు 2,700, చెల్లుతున్నవి 2,400 పైచిలుకు అని చూపింది. అంటే దాదాపు పదింట ఒక "కొత్త జాతి" తర్వాత పాతదేనని తేలిందన్నమాట.

జీవ నియంత్రణలో, అంటే పంట చీడలను వాటి సహజ శత్రువులతోనే అదుపు చేయడంలో, ప్రపంచమంతా వాడే ఫైటోసీయులస్ పర్సిమిలిస్ కథే దీనికి మంచి సాక్ష్యం. దీన్ని 1957లో అల్జీరియా నమూనాలతో ఆతియాస్-ఆన్రియో వర్ణించారు. మరుసటి ఏడాది, చిలీ నుంచి ఆర్కిడ్ మొక్కలతో పాటు జర్మనీ చేరిన నల్లులకు డాసే ఫైటోసీయులస్ రీగెలీ అని పేరు పెట్టారు. రెండు ఖండాలు, ఇద్దరు నిపుణులు, ఒక్క ఏడాది తేడా. తర్వాత రెండూ ఒకటేనని తేలింది. ముందు వచ్చిన పేరుకే ప్రాధాన్యం కాబట్టి పర్సిమిలిస్ నిలిచింది, రీగెలీ పర్యాయనామమైంది.

ఇలాంటివి ఎందుకు జరుగుతాయి? పాత వర్ణనలు చాలావరకు అర పేజీ మాటలు, ఒక చిన్న బొమ్మ. ఒకే నల్లితో, కొన్నిసార్లు మగదానితోనే రాసినవీ ఉన్నాయి. శుక్రగ్రాహికను గీయనే లేదు. దానికి తోడు తూర్పు యూరప్‌లో కొందరు శూకాలకు వేరే పేర్లు వాడారు. ఆ వర్ణనలను నేటి భాషలోకి మార్చుకుని చదవాలి. అందుకే మంచి వర్ణన రాసేవారు పాత వ్యాసం చదివి ఊరుకోరు, పాత హోలోటైప్ స్లైడును తెప్పించుకునో, అది ఉన్న చోటికి వెళ్లో స్వయంగా చూస్తారు. కొత్త వర్ణనలో "పోలిక" అనే భాగం రెండు వాక్యాల్లో ముగిసిపోయిందా, ఏ స్లైడులు చూశారో చెప్పిందా అన్నది ఆ వర్ణన నాణ్యతకు నా దృష్టిలో మొదటి కొలత.

## డీఎన్ఏ తగువు తీరుస్తుందా?

శూకాల లెక్క పాతబడిందని, డీఎన్ఏ చూస్తే సరిపోతుందని ఒక వాదన. దానిలో బలం ఉంది. సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువులో 650 చిల్లర డీఎన్ఏ అక్షరాల ముక్కను చదివి పోలిస్తే, ఒకే పేరు కింద దాగిన రెండు జాతులు బయటపడవచ్చు. ఆడ, మగ, పిల్ల నల్లి ఒకే జాతివేనని కూడా తేల్చవచ్చు. ఇప్పుడు నల్లిని నలిపేయకుండానే డీఎన్ఏ తీసి, మిగిలిన కవచాన్ని స్లైడు చేయవచ్చు. కాబట్టి అక్షరాలూ శూకాలూ ఒకే ప్రాణివని చూపగలం.

ఎదుటి వాదనా తేలికైనది కాదు. పాత హోలోటైపులు ఎక్కువభాగం దశాబ్దాల క్రితం స్లైడు చేసినవి, వాటి నుంచి డీఎన్ఏ దొరికే ఆశ తక్కువ. కొత్తదాని అక్షరాలను పోల్చడానికి పాతదాని అక్షరాలే లేకపోతే "వేరు" అని ఎలా అంటాం? వేటనల్లి కడుపులో తిన్న ఎర్రనల్లి డీఎన్ఏ కూడా ఉంటుంది, దాన్నే పొరపాటున చదివే ప్రమాదం ఉంది. ఎంత శాతం తేడా ఉంటే వేరే జాతి అన్న ప్రశ్నకు అన్ని ప్రజాతులకూ చెల్లే జవాబు లేదు.

ఈ తగువు నల్లులకే పరిమితం కాదు. 2021లో కోస్టా రికాకు చెందిన బ్రాకనిడ్ కందిరీగల్లో 403 కొత్త జాతులకు, ప్రధానంగా డీఎన్ఏ బార్‌కోడ్‌ల ఆధారంగా, అతి క్లుప్త వర్ణనలతో ఒకే వ్యాసంలో పేర్లు పెట్టారు. జాతులు అంతరించే వేగంతో పోటీపడాలంటే ఇదే దారి అని కొందరు సమర్థించారు. ఆ పేర్లను మరొకరు సూక్ష్మదర్శిని కింద వాడుకోలేరని మరికొందరు గట్టిగా అభ్యంతరం చెప్పారు.

రెండు ఆధారాలూ కలిసొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. టిఫ్లోడ్రోమస్ ఎగ్జిలరాటస్, టిఫ్లోడ్రోమస్ ఫైలాటస్ ప్రధానంగా శుక్రగ్రాహిక ఆకారంతోనే వేరుపడే జాతులు. అంత చిన్న తేడా జాతిభేదమవుతుందా అన్న అనుమానం ఉండేది. 2006లో వచ్చిన డీఎన్ఏ పరిశీలన అవి నిజంగా రెండు జాతులేనని సమర్థించింది. చిన్న మెడ పెద్ద సాక్ష్యమే చెప్పిందన్నమాట.

జతకట్టించి చూడటం మూడో దారి. సంతానం కలగకపోతే వేరు జాతులని అంచనా. అయితే హెర్బికోలస్ లాంటివాటిలో ఆడవి మగవాటితో పనిలేకుండానే ఆడపిల్లల్ని కంటాయి. అక్కడ ఈ పరీక్షకు అర్థమే లేదు.

## పేరు తెచ్చేది, తేనిది

కొత్త జాతి వార్తల చివర "పంటల రక్షణకు ఉపయోగపడనుంది" అనే వాక్యం తరచూ కనిపిస్తుంది. వర్ణన ఒక్కటే చూసి ఆ మాట అనలేం. అది ఏం తింటుంది, రోజుకు ఎన్ని గుడ్లు పెడుతుంది, ఎంత తేమలో గుడ్డు పగులుతుంది అన్నవి వేరే ప్రయోగాలు.

పేరు లేకపోతే మాత్రం ఆ ప్రయోగాల ఫలితాలను ఎవరికి జమకట్టాలో తెలియదు. దక్షిణ అమెరికా నుంచి ఆఫ్రికా చేరిన కర్రపెండలం పచ్చనల్లి 1971లో ఉగాండాలో కనబడింది, అక్కడి నుంచి ఖండమంతా పాకింది. దాన్ని అదుపు చేయడానికి దాని పుట్టింటి వేటనల్లుల కోసం వెతికారు. కర్రపెండలం మీద అంతవరకు లిమోనికస్ అన్న పేరుతో నమోదవుతూ వచ్చిన వేటనల్లి వేరే జాతి అని 1994లో తేల్చి, మానిహోటి అని పేరు పెట్టారు. కర్రపెండలం ప్రజాతి పేరు మానిహాట్ నుంచే అది వచ్చింది. లిమోనికస్ పేరుతో అంతకుముందు రాసిన పరిశీలనలన్నింటినీ, ఏది ఏ జాతిదో చూసుకుంటూ మళ్లీ చదవాల్సి వచ్చింది. దాని దగ్గరి బంధువు టిఫ్లోడ్రోమాలస్ అరిపోను 1993 నుంచి ఆఫ్రికాలో వదిలారు. అది పగలు మొక్క చిగురులో దాగి, రాత్రి ఆకుల మీదికి దిగి వేటాడుతుంది. ఈ సంగతి ఏ స్లైడూ చెప్పలేదు, పొలంలో రాత్రిపూట చూసినవారే చెప్పారు.

పేరు పెట్టాక ప్రజాతి కూడా మారవచ్చు. పశ్చిమ వేటనల్లిగా పిలిచే ఆక్సిడెంటాలిస్‌ను టిఫ్లోడ్రోమస్ అనేవారు, మెటాసీయులస్ అనేవారు, గాలెండ్రోమస్ అనేవారు ఇప్పటికీ ఉన్నారు. జాతి పేరు కదలదు, ఇంటిపేరే మారుతుంది. ఇలా మారినప్పుడు మొదట వర్ణించినవారి పేరును కుండలీకరణాల్లో రాయడం ఆనవాయితీ. ఆ రెండు వంపు గీతలు కనబడితే, ఆ నల్లి పుట్టినప్పటి ప్రజాతిలో ఇప్పుడు లేదని అర్థం.

హోలోటైప్ స్లైడుకు కూడా ఆయుష్షు ఉంటుంది. పూత పగిలి, హోయర్ ద్రావణం స్ఫటికాలు కట్టి, ఇరవై ముప్పై ఏళ్లకే మసకబారినవి ఉన్నాయి. ఆ ద్రావణం నీటిలో కరుగుతుంది కాబట్టి ఒక దారి మిగిలింది. స్లైడును తడిలో నానబెట్టి, కవరుగాజు దానంతటదే వదిలేదాకా గంటలైనా రోజులైనా ఆగి, నల్లిని కుంచెతో తేల్చి కొత్త గాజు మీద మళ్లీ పొదుగుతారు. తొందరపడి గాజు లాగితే కాళ్లు తెగిపోతాయి. ఆ జాతికి ఉన్న లంగరు అదొక్కటే కాబట్టి, పాత లేబుళ్లను కూడా ఊడదీసి కొత్త స్లైడుకే అతికిస్తారు.